రోజుకో కట్ట పాలకూర

లక్ష్మవ్వ గంపలో పాలకూర కనబడక ఏడాది కావస్తోంది. కామాటిపురా గల్లీ మూల మీద గోనెపట్టా పరుచుకుని ముప్పై ఏళ్లుగా ఆకుకూరలు అమ్ముతున్న మనిషి ఆమె. మెంతి ఉంటుంది, కొత్తిమీర ఉంటుంది, చుక్కకూర, పుంటికూర, తోటకూర తడిగుడ్డ కింద వరసగా ఉంటాయి. పాలకూర మాత్రం ఉండదు. అడిగినవాళ్లకు ఫాక్‌లాండ్ రోడ్ వైపు చెయ్యి చూపించి మళ్లీ తన పని చూసుకుంటుంది.

ఆమె మనవరాలు శీతల్ దీనికి తనకు తోచిన కారణమొకటి చెప్పుకుంది. పాలకూర గొప్పదా తోటకూర గొప్పదా అని అవ్వకూ తనకూ పదేళ్లుగా జగడం. వాదించి వాదించి అలిసిపోయి ముసలిది ఆ సరుకునే వెలివేసిందనుకుంది. మొండితనంలో లక్ష్మవ్వను మించినవాళ్లు ఆ గల్లీలో లేరు గనక, ఆ కారణం మీద ఎవరికీ అనుమానం రాలేదు.

శీతల్ మునిసిపాలిటీ దవాఖానా తరఫున చాల్‌లు, అంటే వరస గదుల పాత మేడలు, తిరిగే ఆరోగ్య సేవిక. ముత్తాత తట్టలు మోయడానికి పాలమూరు నుంచి వచ్చాడు. ఆమె మరాఠీ బడిలో చదువుకుని, మెళ్లో గుర్తింపు కార్డు వేసుకుని, కడుపుతో ఉన్నవాళ్ల వేలు గుచ్చి రక్తం చూసే దాకా వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఒంట్లో రక్తం ఎంత ఉందో ఒక్క చుక్కతో చెప్పే చిన్న యంత్రం, ఇనుము గోళీల అట్టలు, చేత్తో బొమ్మలు వేసిన ఒక పటం ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

ఆ పటంలో ఒకప్పుడు అన్నిటికంటే పైన పాలకూర ఉండేది, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో, చుట్టూ సూర్యకిరణాలు పెట్టి మరీ. పాలకూర నీళ్ల కూర, పొయ్యి మీద పెడితే గంపెడు గుప్పెడవుతుంది, తోటకూర అయితే ఒంటికి పడుతుంది, అదీ చింతపండు పులుసు పోసి వండితేనే అని లక్ష్మవ్వ అనేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, ఇంట్లో ముసలిది చెప్పేది శీతల్ చెవికి ఎక్కలేదు. పోయినేడు దీపావళి తర్వాత ఒకరోజు ఆమె దవాఖానాలో పెద్ద పుస్తకం తెరిచి లెక్క చూసింది. వంద గ్రాముల పాలకూరలో ఇనుము మూడు మిల్లీగ్రాములు కూడా లేదు. తోటకూరలో నాలుగున్నర పైచిలుకు ఉంది. కాల్షియం పాలకూరలో ఎనభై దగ్గర ఆగిపోతే తోటకూరలో మూడు వందలు దాటింది. పైగా పాలకూరలో ఉన్న ఆ కాస్త ఇనుమును అందులోని ఆమ్లమే పట్టుకుని ఒంటికి సరిగ్గా అందనివ్వదట. తోటకూరకూ ఆ గుణం కొంత ఉంది గానీ, చింతపండో నిమ్మకాయో పులుపు తగిలితే ఇనుము లొంగుతుందట, తిన్న వెంటనే చాయ్ తాగితే మళ్లీ మొండికేస్తుందట. అవ్వ ఏ పుస్తకం చదివిందో గానీ లెక్క ఆమె వైపే తేలింది.

అదే పేజీ కింద ఇంకో లెక్క ఉంది. దవాఖానా ఇచ్చే ఒక్క గోళీలో అరవై మిల్లీగ్రాముల ఇనుము. ఏ కూర ఎన్ని కట్టలు తింటే దానికి సాటి వస్తుంది? ఆ సాయంత్రం శీతల్ పాత పటాన్ని చింపేసి కొత్తది గీసింది. తోటకూరను పైకి ఎక్కించింది, పాలకూరను కిందికి దింపింది, అడుగున ఎర్ర అక్షరాలతో ఏ కూరా గోళీకి బదులు కాదని రాసింది. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని ఆమె చాలా రోజులు భయపడింది.

ఈ అక్టోబరులో ఆమెకు దిగులు పెట్టింది మమత. పాలమూరు పల్లెల్లోంచి నాలుగు నెలల కింద వచ్చిన పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి, ఎనిమిదో నెల. మొగుడు రమేష్ పొద్దున ఏడింటికి బిల్డింగు పనికి పోతే దీపాలు పెట్టాక వస్తాడు. ఫోరస్ రోడ్ వెనక పాత చాల్‌లో మూడో అంతస్తు, పదకొండో నంబరు ఖోలీ వాళ్లది. ఖోలీ అంటే ఒక గది, మూలన గిన్నెలు కడిగే మోరీ, అంతే. శీతల్ మొదటిసారి వేలు గుచ్చినప్పుడు రక్తం ఎనిమిది పాయింట్ తొమ్మిది వచ్చింది. తక్కువే గానీ దారికి తెచ్చుకోవచ్చు. గోళీలిచ్చింది, పటం చూపించింది, పులుసు పోసి తోటకూర ఎలా వండాలో చెప్పింది, అవ్వ గంపలోంచి రోజుకో కట్ట ఆ పిల్లకు అందేటట్టు చేసింది. నెల తర్వాత చూస్తే ఎనిమిది పాయింట్ ఒకటి. ఈ వారం ఏడు పాయింట్ నాలుగు.

మంచి కూర తిని, గోళీ మింగి, రక్తం దిగిపోవడమేమిటి? సోమవారం దాకా చూద్దాం, ఏడుకు కిందికి జారితే పెద్దాసుపత్రికి పంపుదాం అంది డాక్టరమ్మ. ఏడుకు కిందికి జారినవాళ్లు కాన్పులో ఒక గ్లాసెడు రక్తం పోయినా నిలవరు. ఈ సంగతి శీతల్‌కు పుస్తకం చెప్పలేదు, పోయినేడు కళ్లారా చూసింది. అందుకే గురువారం నాడు మిగతా ఇళ్లన్నీ పక్కన పెట్టి నేరుగా మమత దగ్గరికి పోయింది.

చాల్‌లో మిట్టమధ్యాహ్నం ఒక చిత్రమైన వేళ. మగవాళ్లు పనుల్లో, పిల్లలు బడుల్లో, ముసలివాళ్లు నిద్రలో ఉంటారు. గదుల ముందున్న గ్యాలరీ పొడుగునా ఆరేసిన చీరలు గాలి లేక వేలాడుతుంటాయి. అంత మంది కిక్కిరిసి బతికే చోట ఆ గంటన్నర మాత్రం మెట్ల మీద సొంత అడుగుల చప్పుడు కూడా ఇంకొకరివేమో అనిపిస్తుంది. శీతల్ పన్నెండో నంబరు ముందుగా నడవాల్సి వచ్చింది. ఆ తలుపుకు తాళం వేసి ఏడాది. ఆమె ఎప్పటిలాగే అటు చూడకుండా పదకొండులోకి అడుగుపెట్టింది.

మమత నవ్వుతూ పీట వేసింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి, కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా ఉంది. గోళీలు మింగుతున్నావా అంటే ఖాళీ అట్టలు తెచ్చి చూపించింది, ఒక్కటీ మిగల్లేదు. అయితే శీతల్‌కు ఈ పనిలో ఒక కిటుకు తెలుసు. ఇనుము గోళీ నిజంగా కడుపులో పడితే దొడ్డికి నల్లగా వస్తుంది, ఈ విషయం మింగినవాళ్లకే తెలుస్తుంది. మెల్లగా ఆ మాట అడిగింది. మమత ఆశ్చర్యపోయింది, ఎప్పటిలాగే వస్తోందని చెప్పింది. చెప్పాక తను దొరికిపోయానని అర్థమై తల దించుకుంది.

తిడదామని నోరు తెరిచిన శీతల్ కన్ను మోరీ గట్టు మీద పడింది. అక్కడ ఒక స్టీలు గిన్నె బోర్లించి ఉంది, అంచు నుంచి నీటి చుక్కలు కారుతున్నాయి. దాని మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది. పెళ్లికి కొన్న గిన్నెల మీద పేరు చెక్కించడం అందరూ చేసేదే. ఈ గిన్నె చెక్కేటప్పుడు దుకాణంవాడు మరాఠీ అక్షరం చివర ఒక చుక్క ఎక్కువ కొట్టాడు. పెళ్లికూతురు దానికి ఏడుపు ముఖం పెడితే, పుట్టుమచ్చలా ఉంది పోనీ అని నవ్వించింది పక్కనున్న శీతలే. ఆ పేరు దర్శన.

దర్శన శీతల్‌తో పాటు ఒకే బెంచీ మీద చదువుకుంది. మంగేష్‌ను చేసుకుని పన్నెండో నంబరు ఖోలీలో కాపురం పెట్టింది. పోయినేడు దీపావళికి ముందు కాన్పులో రక్తం పోయి తనూ పోయింది, బిడ్డా పోయింది. మంగేష్ తలుపుకు తాళం పెట్టి ధారావిలో అక్క ఇంటికి వెళ్లిపోయాడు.

శీతల్ ఆ గిన్నె ఎక్కడిదని అడిగింది.

"పక్క ఖోలీ అక్కది" అంది మమత. "పన్నెండు కొట్టంగనే గోడ మీదికెల్లి ఇస్తది. ఆమె కూడ వట్టి మనిషి కాదట. మొగడు బయట తాళమేసి పనికి పోతడట. వాసన అటు పోయినంక పెట్టకుంటే పాపం గదా అక్కా. నేను తోటకూర ఏసి పంపుత, ఆమె పాలకూర ఏసి ఇస్తది."

రెండు ఖోలీలకూ మధ్య ఉన్నది చెక్క గోడ, అది కప్పు దాకా పోదు. పైన జానెడు సందు ఉంటుంది. కడుపుతో ఉన్న ఆడదానికి పొరుగింటి వంట వాసన తగిలితే కాస్త పంపి తీరాలి, లేకపోతే ఆ కోరిక బిడ్డ మీద పడుతుందని మమతకు అత్త చెప్పింది. ఆ అత్తకు ఆ తాళం వెనక సంగతి తెలియదు. మమతకు మాత్రం ఎవరు చెప్పారు? కొత్తగా వచ్చిన కడుపుతో ఉన్న పిల్లకు పక్క గదిలో జరిగింది చెప్పకూడదని చాల్ అంతా మర్యాదగా నోరు మూసుకుంది.

ఆమెను ఎప్పుడైనా చూశావా అని అడిగింది శీతల్. ముఖం చూడలేదట, చెయ్యి మాత్రం చూసిందట. చెయ్యి బాగా నీరుపట్టి ఉంటుందట, గాజులు ఎక్కక తీసేసిందట, గోర్లు సున్నం వేసినట్టు తెల్లగా ఉంటాయట. కూర మెత్తగా బాగుంటుందట, కాకపోతే ఎప్పుడు తిన్నా చల్లగానే ఉంటుందట. మమత ఇవన్నీ పొరుగింటామె గురించి చెప్పినట్టే, ఉత్సాహంగా చెప్పింది.

గోళీలు ఎందుకు పారేస్తున్నావని చివరికి అడిగింది. వాంతులొస్తున్నాయంటే ఆ అక్కే మానెయ్యమందని, శీతలక్క బాధపడుతుందని అట్టల్లోంచి తీసి మోరీలో వేశానని ఒప్పుకుంది మమత. అయినా ఆ అక్క చెప్పింది నీ మాటే కదా అంది.

"నా మాటనా?"

మమత చిన్నపిల్ల పాట అప్పజెప్పినట్టు తల ఊపుతూ అంది. "గోళీ వద్దు గీళీ వద్దు, రోజుకో కట్ట పాలకూర. సగం నీకు, సగం బిడ్డకు."

గోడలకు చెవులుంటాయని అందరూ అంటారు, నోరుంటుందని ఎవరూ అనలేదు. ఆ మాట శీతల్ జన్మలో ఒక్కసారే అంది, ఒక్కరితోనే అంది. పోయినేడు దర్శనకు ఏడో నెలలో డోహాళే చేశారు. మరాఠీ వాళ్లను చూసి ఇక్కడి తెలుగువాళ్లూ చేసే వేడుక అది. పూలనగలు పెట్టి, ఇష్టమైనవన్నీ తినిపించి, మూతపెట్టిన రెండు గిన్నెలు ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటారు. పేడా వస్తే కొడుకు, బర్ఫీ వస్తే కూతురు. గిన్నెలు పట్టుకున్నది శీతలే. బర్ఫీ వచ్చింది. ఆ సందడి అయ్యాక గ్యాలరీ చివర, నీళ్ల డ్రమ్ము పక్కన దర్శన ఆమెను ఆపి గోళీలు మింగితే పేగులు బయటికొస్తున్నాయని చెప్పుకుంది. శీతల్‌కు అవతల ఇంకో చాల్ తిరగాల్సి ఉంది, మీటింగుకు ఆలస్యమవుతోంది. నవ్వించి పంపేద్దామని అప్పటికప్పుడు ఆ పాట కట్టింది. దర్శన నవ్వింది. రెండు నెలల తర్వాత చచ్చిపోయింది. ఆ మాట విన్న మూడో మనిషి లేడు.

శీతల్ బయటికొచ్చి పన్నెండో నంబరు తలుపు ముందు నిలబడింది. తాళం తుప్పు పట్టి గొళ్లేనికి అతుక్కుపోయింది, దాని మీద సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది. అక్కడి నుంచే మంగేష్‌కు ఫోన్ చేసింది. తాళంచెవి తన దగ్గరే ఉందని, దర్శన పదమూడో రోజు కర్మ తర్వాత ఆ తలుపు తీయలేదని, తీసే ధైర్యం లేదని అతను చెప్పాడు. లోపల ఆమె గిన్నెలున్నాయి, నువ్విచ్చిన పాలకూర బొమ్మ గోడకుంది, నిన్ను తలచుకోని రోజు లేదు శీతల్, నువ్వు ఆమెకు ఎంతో చేశావు అన్నాడు. శీతల్ ఫోన్ పెట్టేసింది. ఆ నిశ్శబ్దంలో తాళం వెనక నుంచి టక్, టక్, టక్ అని వినబడింది. లేత కాడలు వేళ్లతో తుంచుతున్న చప్పుడు అది. అవ్వ పక్కన కూర్చుని పెరిగిన మనిషికి ఆ చప్పుడు ఇంకోలా వినబడదు.

సాయంత్రం దవాఖానాలో పాత కార్డుల కట్ట విప్పి దర్శనది వెతికి తీసింది. ఎనిమిది పాయింట్ తొమ్మిది. ఎనిమిది పాయింట్ ఒకటి. ఏడు పాయింట్ నాలుగు. మమత అంకెలే, అదే వరసలో, తన చేతిరాతలోనే ఉన్నాయి. దర్శన కార్డు మీద వాటి కింద ఇంకొక్క అంకె ఉంది, ఆరు పాయింట్ ఆరు. ఆ తర్వాత గడులన్నీ ఖాళీ. ఆ రోజు శీతల్ అన్నం ముట్టలేదు. ఏమైందని లక్ష్మవ్వ అడిగితే తలనొప్పి అంది.

శుక్రవారం ఫాక్‌లాండ్ రోడ్‌లో పాలకూర కొన్నది, అవ్వ గంపలోంచి తోటకూర తీసుకుంది. మమత పొయ్యి మీదే రెండూ వండింది, తోటకూరకు పులుసు పోసింది. రెండు గిన్నెల్లో పెట్టి మూతలు పెట్టింది. దర్శన ఒక్కసారి తోటకూర గిన్నె ఎంచుకుంటే మమత దాన్నే నమ్ముతుంది, గండం గడుస్తుంది. శీతల్ వేసుకున్న ఎత్తు ఇదే. నిజం చెప్పకుండా బయటపడే దారి ఇదొక్కటే ఉందని ఆమెకు తెలుసు, అందుకే దీన్ని పట్టుకుంది. మనిషి బుద్ధి చావు ముందు నిలబడి కూడా అడ్డదారే వెతుకుతుంది.

ఎక్కడో గడియారం పన్నెండు కొట్టింది. శీతల్ స్టూలు ఎక్కి మూతపెట్టిన గిన్నెలు రెండూ చెక్క గోడ మీద పక్కపక్కన పెట్టి దిగింది. అవతల చాప మీద నుంచి ఎవరో బరువుగా లేచినట్టు చప్పుడైంది. నెలలు నిండినవాళ్లు గోడ పట్టుకుని లేచే తీరు అది, శీతల్ రోజుకు పది ఇళ్లలో వింటుంది. గిన్నెలు ఒక్క క్షణం కనబడలేదు. అవతల మూత తీసిన చప్పుడు వినబడింది. కాసేపటికి రెండూ తిరిగి గోడ మీదికి వచ్చాయి.

మమత స్టూలెక్కి దించింది. ఒక గిన్నె ఖాళీగా, కడిగి, తడిగా ఉంది. రెండోదానిలో తోటకూర పెట్టింది పెట్టినట్టే ఉంది, పులుసు మీద మీగడలా తేలిన నూనె కూడా చెదరలేదు.

"చూసినవా అక్కా" అంది మమత గర్వంగా. "నీ మాట జవదాటదు ఆమె. శీతల్ చెప్తే తప్పుండదు అంటది ఎప్పుడు."

ఆమె పగబట్టి వచ్చిందనుకున్నంత సేపూ శీతల్‌కు భయమే ఉంది, తప్పించుకునే ఆలోచనా ఉంది. దర్శన పగబట్టలేదు. చచ్చిపోయి ఏడాదైనా స్నేహితురాలి మాట మీద గురితో రోజుకో కట్ట తింటోంది, మంచి మాట కదా అని పక్కింటి పిల్లకూ చెబుతోంది. ఇంతకంటే పగే నయం. శీతల్ చెక్క గోడకు నుదురు ఆనించి నేల మీద కూర్చుండిపోయింది. తోటకూరనాడే చెప్పి ఉండాల్సిందంటారు మనవాళ్లు. ఆ నాడు ఎప్పుడో దాటిపోయింది, అయినా చెప్పింది.

"దర్శనా, నేను చెప్పింది తప్పు. పాలకూర చాలదు. ఏ కూర చాలదు. నువ్వు వాంతులైతున్నయంటే నిన్ను డాక్టరమ్మ తానికి తీస్కపోవాలె, వేరే గోళీ రాయించాలె. ఆ రోజు నాకు తొందరుండె. నీ నోరు మూయనీకె ఒక పాట చెప్పి పోయిన. నువ్వు పోయినంకనే పుస్తకంల చూసిన. ఎవరికీ చెప్పలే. మంగేష్‌కు చెప్పలే, మా అవ్వకు చెప్పలే. తిట్టు, ఏమన్న అను. ఆ మాట మాత్రం ఈ పిల్లకు చెప్పకు."

కాడలు తుంచే చప్పుడు ఆగిపోయింది. అవతల అంత నిశ్శబ్దం, వింటున్నప్పుడు మాత్రమే ఉండే నిశ్శబ్దం. మమత చేయి నోటికి అడ్డం పెట్టుకుని శీతల్ ముఖంలోకీ గోడ వంకా మార్చి మార్చి చూసింది. తను ఇన్నాళ్లూ ఎవరి కూర తిన్నదో అప్పుడే ఆమెకు అర్థమవుతోంది. కొంతసేపటి తర్వాత గోడ మీద స్టీలు గీసుకున్న చప్పుడైంది. పేరు చివర ఒక చుక్క ఎక్కువున్న ఆ గిన్నె మెల్లగా ఇవతలికి జరిగి ఆగింది.

ఈసారి శీతలే స్టూలెక్కింది. సందులోంచి ఏమీ కనబడలేదు, చీకటి, పాత తడి వాసన. గిన్నెలో పాలకూర లేదు. ఇనుము గోళీల అట్టలున్నాయి, ఆరు. ఐదు విప్పనైనా లేదు. ఆరో అట్టలో మూడు గోళీలు మింగిన ఖాళీలున్నాయి. అట్టల వెనక పోయినేటి తేదీ, దర్శన పేరు, శీతల్ చేతిరాత. వాంతులొచ్చినా మూడు రోజులు ప్రయత్నించిందన్నమాట. నాలుగో రోజు వద్దన్నది శీతల్.

ఆమె స్టూలు మీదే నిలబడి ఏడ్చింది. మమతే చెయ్యి పట్టి దించింది. దించి, సంచిలోంచి కొత్త అట్ట తనే తీసుకుని, నిమ్మకాయ నీళ్లతో ఒక గోళీ మింగి, నోరు తెరిచి చూపించింది. గోడ వైపు తిరిగి, మింగిన అక్కా, అని చిన్నగా చెప్పింది. అటు నుంచి జవాబు రాలేదు, ఆ రోజూ రాలేదు, తర్వాత ఏ మధ్యాహ్నమూ రాలేదు. సాయంత్రం శీతల్ ఆ పిల్లను డాక్టరమ్మ దగ్గరికి నడిపించుకుపోయి, వాంతుల సంగతి చెప్పి, అన్నం తిన్నాక రాత్రిపూట వేసుకునేలా గోళీ మార్పించింది. ఇంకో చాల్ తిరగాల్సి ఉండింది. అది ఆగింది.

సోమవారం పొద్దున మమత వేలు గుచ్చేటప్పుడు శీతల్ యంత్రం వైపు చూడలేకపోయింది. మమతే చదివి చెప్పింది. ఏడు పాయింట్ ఆరు. ఒక్క మెట్టు, రెండు మెట్లు, అయినా పైకి. శీతల్ కార్డు మీద ఆ అంకె రాసి, తప్పు పడలేదు కదా అని రెండుసార్లు చూసుకుంది.

అక్కడి నుంచి నేరుగా గల్లీ మూలకు వచ్చి లక్ష్మవ్వ పక్కన గోనెపట్టా మీద కూర్చుంది. సంచిలోంచి దర్శన గిన్నె, అందులో ఉన్న అట్టలతో సహా తీసి ముందు పెట్టింది. నీళ్ల డ్రమ్ము దగ్గర అన్న మాట దగ్గర్నుంచి అన్నీ చెప్పింది. ముసలిది తోటకూర కాడలు తుంచుతూ తల ఎత్తకుండా విన్నది. గోడ సంగతికి గానీ గిన్నె సంగతికి గానీ ఆశ్చర్యపోలేదు. అంతా అయ్యాక అట్టలను వేలితో ఒకసారి తాకింది.

"ఆ పిల్ల రోజు నా తాననే కొనేది" అంది లక్ష్మవ్వ. "తోటకూర కొంచవోవే అంటే, శీతల్ ఇదే తినమన్నదవ్వా అని నవ్వేది. రెండు నెలలు నా చేత్తోనే ఇచ్చిన. ఆమె పోయినంక గంపల పెట్టబుద్ధి కాలే."

నాకెందుకు చెప్పలేదని అడిగింది శీతల్.

"నువ్వు సదువుకున్నదానివి గదా బిడ్డా. నీ మాటే నిజమేమో అనుకున్న."

గల్లీలో తోపుడుబండి ఒకటి దారి ఇమ్మని గంట కొట్టుకుంటూ పోయింది. ఎవరో వచ్చి కొత్తిమీర అడిగితే లక్ష్మవ్వ ఇచ్చి పంపింది. తర్వాత తడిగుడ్డ ఎత్తి, లేతగా ఉన్న తోటకూర కట్ట ఒకటి ఏరి, దర్శన గిన్నె పక్కన పెట్టింది. పన్నెండు కొట్టకముందే వండాలని, చింతపండు మర్చిపోవద్దని చెప్పింది. శీతల్ అట్టలు సంచిలో వేసుకుని, ఆ కట్టను దర్శన గిన్నెలో పెట్టుకుని మమత పొయ్యి దగ్గరికి బయల్దేరింది.